అక్కను నవ్వించిన పద్యం

బస్తరు సంస్థానంలోని సమస్త జనులకు, చనిపోయి ఏడాదైన మా బావకు ముఖ్యంగా, ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: ఈ ఉదయం మా అక్క నవ్వినది!

బావా, నువ్వు పోయాక ఇదే మొదటిసారి. ఊరోళ్లమంతా అడవిలో ఇప్పపువ్వు ఏరుతుంటే నువ్వు పెట్టిన నియమం గుర్తొచ్చింది. ఎవరి మీద పద్యం కడతామో వాళ్లు నవ్వితేనే అది నెగ్గినట్టు, లేకపోతే ఉత్త తిట్టు. భయపడుతూనే అక్క మీద అందుకున్నాను:

“బావ గురకకు ఎలుగు పరుగో పరుగు,
అక్క అరుపుకు బావ అడవిలో మరుగు!”

అందరూ ఏరడం ఆపి అక్క మొహం చూశారు. “ఏందిరా తమ్మీ, నా మీదనా?” అంటూ కొట్టడానికి గంప ఎత్తింది.

“నాది కాదక్కా, బావ కట్టిండు. మంచాన పడ్డప్పుడు నాకు చెప్పిండు.”

అక్క గంప దించి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. “అప్పుడు గూడ నోరు ఊకుండలేదా ఈ మనిషికి!”

నెగ్గింది బావా, నెగ్గింది! నీ దగ్గర నా పద్యం ఒక్కటీ నెగ్గలేదు కదా. ఇది మాత్రం నేను కట్టిందే. నువ్వు చెప్పావన్నది పచ్చి అబద్ధం.