కాలిన షెడ్డు నేసిన బట్ట

అన్నయ్యా,

నువ్వు అబద్ధాలకోరువి. మీ గణాంకాల పుస్తకం ముందు పెట్టుకునే రాస్తున్నాను. పాలిస్టర్ నేత బట్ట ఉత్పత్తి: ఆరేళ్ళుగా గీత పైకే పోతోంది, ఎక్కడా చిన్న నొక్కయినా లేదు. ఆరేళ్ళ కిందట మన చెల్లి మిల్లు షెడ్డులో కాలిపోయిన నెలలో కూడా లేదు.

కిందటి వారం మీ ఆఫీసుకొచ్చి అడిగితే ఏమన్నావు? "ఫారం రాని మిల్లుకి పోయినేడాది అంకె వేసి కాస్త పెంచుతామే. అది పద్ధతి. నీ ఉపన్యాసాలు గేటు దగ్గర చెప్పుకో."

"అంటే చచ్చినవాళ్ళ చేత ఓవర్‌టైం చేయిస్తున్నారన్నమాట," అన్నాను. నీ పక్క సీటాయన నవ్వాడు. నువ్వు తల దించుకున్నావు.

ఆ పద్ధతి ఏం చేసిందో విను. ఆ మంటల మీద ఇన్నాళ్ళకి మొదలైన విచారణలో మిల్లు యజమాని వకీలు మీ పుస్తకమే చూపించాడు. "ఉత్పత్తి మీటరు కూడా తగ్గలేదు సార్. మగ్గాలు అప్పటికే వేరే చోటికి మారాయి. కాలింది ఖాళీ షెడ్డు. ఆ ఆడవాళ్ళు పని మానేసి ఎటో పోయారు." బూడిదలో గుర్తుపట్టడానికేమీ మిగల్లేదు కదా, అధికారి తలూపాడు. చెల్లితో కలిపి తొమ్మిది మందీ ఇంకోసారి పోయారు. గురువారం తీర్పు.

మీ ఫారంలో మగ్గాలకో గడి, మీటర్లకో గడి. మనిషి పోతే రాయడానికి గడి లేదు. ఆ నల్లటి గోడల పక్కన నడుస్తుంటే నాకు మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. మీ పుస్తకంలో చెల్లి ఇంకా నేస్తూనే ఉంది అన్నయ్యా, ఏటికేడు ఎక్కువగా. ఇక ఇంటికి పొమ్మని ఎవరూ చెప్పలేదు దానికి.

ఆ మిల్లు గుమాస్తాగా ఫారం నింపింది నేనని నీకు తెలుసు. ఎప్పుడు నింపానో తెలియదు. నెలాఖరు హడావుడి పడలేక పదో తేదీకే నెల మొత్తం అంకె వేసి పంపేసేదాన్ని, గుమాస్తాలందరం అంతే. పంతొమ్మిదిన షెడ్డు కాలింది. చెల్లి చచ్చాక నేసిన మొదటి బట్ట నా చేతిరాతే. ఫారం వెనక్కి తెప్పిస్తానంటే యజమాని "వదిలెయ్యమ్మా" అన్నాడు. వదిలేశాను. ఊరందరినీ నిలదీసే నోరు అక్కడ మూతపడింది.

గురువారం ఆ సంగతి చెబుతాను. నా ఒక్కదాని మాట నిలవదు. అందుకే అడుగుతున్నాను, బతిమాలడం లేదు:

ఆ మిల్లు అంకెలు ఆరేళ్ళవీ కొట్టెయ్యి.
గీత పడాల్సిన చోట పడనివ్వు.
దాని కింద కారణం అచ్చువెయ్యి: మంటలు, తొమ్మిది మంది మృతి.
నేను పంపిన ఫారం అసలు కాగితం తీసుకురా, మంటలకి ముందే మీకు అందిన తేదీ ముద్రతో.
గురువారం పదింటికి విచారణకి వచ్చి, అది నా రాతేనని చెప్పు.

నీ పెద్ద చెల్లెలు