రాగి రేకు మీద సరణ్య

చిరంజీవి నివేదితకు అన్న ఆశీస్సులు.

మైలాపూరులో నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. వాన ఒక రోజు పడి మానేసింది, ఉక్కపోత మాత్రం తగ్గలేదు. కోయంబత్తూరు చల్లగా ఉందని రాసి మమ్మల్ని ఉడికించావు. సరణ్యకు కుట్టిన చెవులు మానాయా?

నేను ఫోన్ తీయడం లేదని ఉత్తరమే రాశావు. "అక్క కొడుకు దీపక్‌కు చెవులు కుట్టించిన రోజే పెన్సిల్‌తో బొమ్మ గీసిచ్చావు, నా కూతురికి మాత్రం లేదా" అన్నావు. గీశాను తల్లీ. పెన్సిల్ గీతకు దాపరికం తెలీదు, చెయ్యి ఎలా ఉందో అలాగే చెప్పేస్తుంది. ఆ బొమ్మ చించేశాను. తర్వాత నీటి రంగులు పట్టాను. తడి ఆరేలోగా తేల్చెయ్యాలి వాటితో. బుగ్గ మీది గులాబీ రంగు మెడ దాకా జారింది. తైలవర్ణాలు మంచివి, తప్పు చేస్తే ఆరాక ఇంకో పూత వెయ్యనిస్తాయి. అలా పూత మీద పూత వేసేసరికి ఏడాది పిల్ల కాస్తా నలభై ఏళ్ల ఆడమనిషిలా తయారైంది. మీ వదిన నవ్వాపుకోలేకపోయింది.

చివరికి రాయపురంలో అచ్చుయంత్రం పెట్టుకున్న నా స్నేహితుడు అరుముగం ఒక రాగి రేకు ఇచ్చాడు. ఉలిని అరచేతికి ఆనించి తోస్తూ చెక్కాలి. వంపు కావాలంటే చెయ్యి కాదు, రేకునే తిప్పాలి. రాగి ఎదురు నిలుస్తుంది కాబట్టి ఉలి అటూ ఇటూ పోలేదు. గీతల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పెట్టి ఒత్తితే బొమ్మ కుడి ఎడమలు మారి వస్తుంది. అందుకే ఫోటోను అద్దంలో చూస్తూ చెక్కాను. బాగా వచ్చింది, దీనితో పంపుతున్నాను.

నువ్వు అసలు అడిగింది మాత్రం ఇది కాదు. మేనమామవై ఉండి, చెవులు కుట్టేటప్పుడు పిల్లను ఒడిలో ఎందుకు కూర్చోబెట్టుకోలేదని అడిగావు. ఆ రోజు నడుం నొప్పి అన్నాను. నా బదులు నీ మరిది కూర్చున్నాడు. నువ్వు ముఖం తిప్పుకోవడం చూశాను. నిన్న మీ వదిన, "ఆడ ఆ పిల్ల మనసు కష్టపెట్టుకుంటా ఉంది. ఈడ మీరు రాగి గీసుకుంటా కూర్చుంటే ఎట్లా? ఉండేది చెప్పేయండి" అంది.

చెబుతున్నాను. నా చేతులు వణుకుతున్నాయి నివేదితా. వేసవి నుంచీ ఇంతే. నరాల డాక్టరు మందులిచ్చాడు, పూర్తిగా పోదన్నాడు. ఈ ఉత్తరం నేను చెబుతుంటే మీ వదిన రాస్తోంది. కంసాలి సూది తీసినప్పుడు, పిల్ల తలను ఈ చేతులతో కదలకుండా పట్టుకోలేనని భయపడ్డాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది.

ఇప్పుడు సూది లేదుగా. ఒకసారి సరణ్యను తీసుకురా, కాసేపు నా ఒడిలో కూర్చోబెట్టుకుంటాను.

ఇట్లు,
నీ అన్న, సరణ్య మేనమామ
మోహన్‌రాజ్