గాలి అంకె తగ్గేదాకా రావద్దు

కౌసల్యకు, శంషాబాద్ నుంచి సోమయ్య. ఇక్కడ అందరం క్షేమం.

పోయిన కార్డు చూసి బట్టలు సర్దుకుని ఉంటే తీసేయి, బస్సెక్కకు. ఫోనులో నా మాట నీకు సగమే వినబడుతుంది గనుక మళ్ళీ రాస్తున్నాను. ఆయాసం తగ్గాలని నిన్ను పరిగిలో నీ తమ్ముడింటికి పంపి రెండు నెలలైంది. మొన్న ఫోనులో మన ఊరి గాలి ఎలా ఉందో చెప్పే అంకె రెండు వందల పదికి పెరిగిందని చూసి, ఇక భయం లేదు వచ్చేయమని రాశాను. ముప్పై ఏళ్ళు వడ్లు కాంటా వేసినవాడిని, అంకె పెరిగితే రైతు ముఖం వెలగడమే చూశాను. కార్డు డబ్బాలో వేసి వచ్చి మనవరాలికి గొప్పగా చెప్పాను.

శిరీష తల పట్టుకుంది. "తాతా, గవి మార్కులా ఏంది? ఎంత తక్కువుంటే గంత మంచిది. యాభై లోపలైతే మంచి గాలి. నూరు దాటితే నాయినమ్మ లెక్క ఆయాసమున్నోళ్ళకు తిప్పలు. రెండొందలు దాటి గట్లనే ఉంటే నీక్కూడా దమ్ము ఆడదు."

"నాకేం కాలే గదనే," అన్నాను, దగ్గుతూనే.

ఈ పొద్దు నూట అరవై. లేవగానే దేవుడి పటం కంటే ముందు ఆ అంకెనే చూస్తున్నాను. నూరు లోపలికి దిగి నాలుగు రోజులు నిలిస్తే నేనే వచ్చి తీసుకొస్తాను.

పీల్చే మందు రెండు పూటలా వాడుతున్నావా? చింతపండు డబ్బా ఎక్కడ పెట్టావు? నీ తమ్ముడికి, మరదలికి ఆశీస్సులు. నాకు ఆగడం చేతకావడం లేదు గానీ, నువ్వు మాత్రం ఆగు.