అల్లం దంచే బాంబు

నిడమనూరు

కోదాడ యుద్ధ ప్రదర్శనశాల నడిపే సత్యానందం గారికి, రిటైరైన అంగన్‌వాడీ టీచర్ ప్రమీల దండం పెట్టి రాసేది.

మొన్న మా మహిళా సంఘం బస్సులో వచ్చి మీ ప్రదర్శనశాల చూశాం. తుపాకులు, సైనికుల బూట్లు ధైర్యంగానే చూశాను. చివరి గదిలో మీరు బెత్తంతో ఠంగుమని కొట్టి, "ఇది ఫిరంగి గుండు. పేలిందంటే వీధి మిగలదు" అన్నారే, అక్కడ నా నోట తడి ఆరిపోయింది. అలాంటిదే పొడుగాటి ఇనుము మా వంటింట్లో ఉంది. మా మామగారు ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పకుండానే పోయారు. కాపురానికి వచ్చిన నాటి నుంచి దానితోనే అల్లం వెల్లుల్లి దంచుతున్నాను.

మా ఆయన బుచ్చయ్య "మా నాయన తెచ్చింది బాంబెట్లయితదే?" అని నవ్వారు. నవ్వారే గానీ, మంచం మాత్రం గొడ్ల కొట్టంలోకి మార్చుకున్నారు. నాకు భయంగా ఉంది. ఏం చేయాలో రాయండి.

ఇట్లు,
ప్రమీల

తా.క.: మీ గది బయట ఫోన్లు ఆపమని బోర్డు చూశాను. మేమూ ఆపేశాం. అందుకే ఉత్తరం.

ఇంకో తా.క.: ప్రతి దసరాకూ ఆయుధపూజలో దానికి పసుపు రాసి, ముందు కర్పూరం వెలిగిస్తున్నాం. ఇన్నేళ్లూ ఎలా బతికామంటారు?

—

కోదాడ

ప్రమీల గారికి సత్యానందం నమస్కారాలు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకే చెమటలు పట్టాయి. దాన్ని ముట్టుకోవద్దు. పొయ్యి వెలిగించవద్దు. గట్టిగా మాట్లాడవద్దు. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి పోలీసులకు చెప్పండి. ఫోను ఆపి మంచి పని చేశారు. గుండు దగ్గర ఫోను మోగనే కూడదు.

మా దాని గురించి బెంగ వద్దు. సూర్యాపేటలో పాత ఇనుము కొట్లో కొన్నాను. లోపల ఏమైనా ఉంటే రోజూ నేను కొట్టే దెబ్బలకు ఈపాటికి తెలిసేది కదా!

మీ క్షేమం కోరే,
సత్యానందం, మాజీ సైనికుడు

తా.క.: ఇప్పుడు అల్లం దేనితో దంచుతున్నారు? అది కూడా ఒకసారి పరీక్షగా చూడండి.

—

నిడమనూరు

సత్యానందం గారికి, వీధిలో కూర్చుని ప్రమీల రాసేది.

ఇసుక దొరక్క వడ్ల బస్తాలు పేర్చాం. గుసగుసగానే మాట్లాడుకుంటున్నాం. తుమ్ము వస్తే మా ఆయన పరుగున వెళ్లి కాలువ గట్టు మీద తుమ్మి వస్తున్నారు. పక్కింటి దుర్గమ్మ "గా గుండుతోటె నేను సుత పచ్చడి నూరుకుంటి గదనే!" అని గుండెలు బాదుకుని, మేకలతో సహా తుంగతుర్తిలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది.

నవ్వులాటకు రాయడం లేదండీ. ఈ ఇల్లు కడుపు కట్టుకుని కట్టుకున్నాం. పోతే మళ్లీ కట్టే ఓపిక మాకు లేదు. గడప చూస్తే ఏడుపొస్తోంది. బాంబులు పరిశీలించేవాళ్లు నాలుగు రోజుల్లో వస్తామన్నారు.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న,
ప్రమీల

తా.క.: పోస్టుమాన్ జగన్ మా వాకిట్లోకి రావడం లేదు. మీ ఉత్తరాన్ని రాయికి చుట్టి విసిరాడు. ఆ రాయి వెళ్లి వంటింటి తలుపుకు తగిలింది. మేమిద్దరం కాలువలో తేలాం.

—

కోదాడ

ప్రమీల గారికి ధైర్యం చెబుతూ సత్యానందం రాసేది.

భయపడకండి. నన్ను చూడండి, రోజంతా గుండు పక్కనే కూర్చుని అన్నం తింటాను. శనివారం బడిపిల్లలు వస్తున్నారు. బెత్తం విరిగిపోతే ఇనుప కడ్డీ చేయించాను. చప్పుడు ఇంకా బాగా వస్తుంది.

మీ,
సత్యానందం

—

నిడమనూరు

సత్యానందం గారికి, మళ్లీ ఇంట్లో కూర్చుని ప్రమీల రాసేది.

వాళ్లు వచ్చారు. వాళ్ల కుక్క దాన్ని వాసన చూసి వరసగా తుమ్మింది. ఆఫీసరు గారు పసుపు గీకి నవ్వారు. "అమ్మా, ఇది పాత రైసు మిల్లు ఇరుసు ముక్క. మిర్యాలగూడల ఏ మిల్లు ఎనక సూసినా ఉంటది" అన్నారు. మా మామగారు అక్కడ హమాలీ పని చేశారని మా ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది! సంతోషం పట్టలేక దానితోనే అల్లం దంచి అందరికీ టీ పెట్టాను.

టీ తాగుతుంటే మీ సంగతి చెప్పాను. మా కోడలు కవిత ఆ రోజు మీ బోర్డు చూడక, ఫోనులో మీ గుండు పక్కన దిగిన ఫొటో చూపించింది. దాని మూతికి ఇత్తడి బిరడా ఉండటం చూసి ఆఫీసరు గారు గ్లాసు కింద పెట్టేశారు. "గా బిరడా ఇప్పలే అంటె గిది ఖాళీది గాదమ్మా. దీన్ని ఎవరన్న కొడుతున్నరా?" అని అడిగారు. కడ్డీ మాట చెప్పేసరికి ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. సరంజామా తెప్పించుకుని రెండు మూడు రోజుల్లో కోదాడ వస్తారట. ఈలోపు మీకు చెప్పమన్నారు. ఫోను తీశాను గానీ, గుండు దగ్గర ఫోను మోగనే కూడదని మీరే రాశారు కదా! అందుకే ఈ ఉత్తరం.

మీ గురించి భయపడుతున్న,
ప్రమీల

తా.క.: చుట్టూ బస్తాలు పేర్చండి. తుమ్మకండి.

—

కోదాడ

ప్రమీలక్కకు, ప్రదర్శనశాల గుమ్మం బయట కూర్చుని తమ్ముడు సత్యానందం రాసేది.

ఉత్తరం శనివారం అందింది. పిల్లలు గుండు చుట్టూ నిలబడి ఉన్నారు. నేను కడ్డీ ఎత్తి ఉన్నాను. కవరు మీద మీరు ఎర్ర సిరాతో "చదివాకే కొట్టండి" అని రాయకపోతే దాన్ని జేబులో పెట్టుకునేవాణ్ణి. చదివి, కడ్డీని పసిపిల్లను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టి, పిల్లల్ని బయటికి పంపాను.

ఆఫీసరు గారి మనుషులు వచ్చి దాన్ని ఊరవతల గోతిలో పేల్చారు. ఆ చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. ఇన్నాళ్లూ ఎంతమంది పిల్లల ముందు దాన్ని కొట్టానో తలచుకుంటే ముద్ద దిగడం లేదు. మీరు ఆ రోజు భయపడి ఉత్తరం రాయబట్టి ఆ పిల్లలు ఇళ్లకు చేరారు.

మీ భయానికి రుణపడిన తమ్ముడు,
సత్యానందం

తా.క.: చివరి గదిలో అర ఖాళీగా ఉంది. మీ అల్లం దంచే ఇనుము కొన్నాళ్లు ఇస్తారా? మీరే తెచ్చి అరలో పెట్టాలి. మిల్లుదే అని తెలుసు గానీ, నేను మాత్రం ముట్టుకోను.