బదులు పలికిన పేరు

గంగమ్మపేట,
సెప్టెంబరు 9.

ప్రియమైన తమ్ముడు గోపికి, అక్క ఈశ్వరి దీవెనలు.

నువ్వు నౌపడలో రైలెక్కి నెల దాటింది. ఫోను చేస్తే బోటులో ఉన్న పదిమందీ “అక్కా, బాగున్నావా” అని అందుకునేవాళ్ళే, నీతో ఒక్క మాట మాట్లాడడానికి ఉండదు. అందుకే మీ బోటులో పనికి గుజరాత్‌లోని వెరావల్ వస్తున్న చినబాబు చేతికి ఎండు నెత్తళ్ళ సంచితో పాటు ఈ ఉత్తరం ఇస్తున్నాను. కవరు గట్టిగా అంటించాను, అలాగే అందిందో లేదో చూసుకో.

మన శిబిరం సంగతి మండలమంతా చెప్పుకుంటున్నారట. వలస వెళ్ళే కుర్రాళ్ళు నలభై ఒక్కమంది ఒక్క పూటలో హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకున్న పేట ఇంకోటి లేదని ఆసుపత్రి సిస్టరమ్మ మెచ్చుకుంది. ఇన్నేళ్ళ నా ఆశా ఉద్యోగంలో గొప్పగా చెప్పుకునే పని ఇదొక్కటే. కూర్మయ్య తాత కులపెద్ద హోదాలో మొదట ఎంత అడ్డం తిరిగాడో గుర్తుందా? “మా గుంటలకేటి రోగం? ముందు నీ తమ్ముడిని నిలబెట్టు, తరవాత సూద్దాం” అన్నాడు. ఆఖరికి ఆయనే ఉపాయం చెప్పాడు. “పెద్దవల లాగడానికి ఇంటింటికీ పేరెట్టి పిలుత్తాం కదా, అలాగ పిలు. ఒక్కడూ తప్పించుకోడు” అన్నాడు. నీ పేరే మొదట పిలిచాను.

నువ్వు నీ ఫలితం కాగితం తీసుకెళ్ళి ఎల్లాజీ మావ చేతిలో పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. ఎవరి కాగితం వాళ్ళ దగ్గరే ఉండాలని గొంతు చించుకున్నదాన్ని నేను. మావ మురిసిపోయి, నీకూ తన కూతురు గౌరికీ మే నెలలో ముహూర్తం పెట్టిస్తున్నాడు.

నేనిచ్చిన నిరోధ్ ప్యాకెట్లు పంచావా? సిగ్గుపడి బియ్యం డబ్బాలో దాచావంటే చెవి మెలేస్తాను.

నీ మేలు కోరే
అక్క ఈశ్వరి


వెరావల్,
డిసెంబరు 21.

ప్రియమైన అక్కకి, గోపి నమస్కారాలు.

నెత్తళ్ళు అందాయి, రెండు పూటల్లో అయిపోయాయి కూడా. ప్యాకెట్లు దాచలేదు. ఇంజను గది పక్కన మేకుకి సంచి వేలాడదీసి అందులో వేశాను. మా బోటు నడిపే తండేలు మొదట బూతులు తిట్టాడు. ఇప్పుడు ఒడ్డుకి చేరినప్పుడల్లా ఆయనే “ఒరే, ఈశ్వరక్క సంచిలో సెయ్యెట్టి మరీ దిగండ్రా” అని కేకేస్తున్నాడు. పక్క బోటువాళ్ళు కూడా వచ్చి అడుగుతున్నారు. ఇంకో వంద పంపు.

కొత్త కుర్రాళ్ళకి నువ్వు చెప్పినవన్నీ చెబుతున్నాను. నేను మొదటిసారి ఈ ఒడ్డున దిగినప్పుడు నాకు చెప్పినవాడు లేడు, సంచీ లేదు. అది తలుచుకుంటూ చెబుతాను కాబట్టి నా మాట వింటున్నారనుకుంటాను.

ఇక్కడ కూడా మన పెద్దవల పద్ధతే. ఒకడు పడుకుంటే ఇంకొకడు ఆడి బదులు తాడు పడతాడు. ఈ నెలలో నా బదులు చాలాసార్లు చినబాబే పట్టాడు. దగ్గు తగ్గడం లేదు. చలి వల్లే అయ్యుంటుంది, అమ్మకి చెప్పకు.

ముహూర్తం మే నెలలో వద్దు. వేట ఆపే రోజుల్లో బోట్లకి కాపలా ఉంటానని వాటి యజమాని సేఠ్‌కి మాటిచ్చాను.

నీ తమ్ముడు
గోపి


గంగమ్మపేట,
మే 17.

ప్రియమైన గోపికి,

కోపంగా ఉన్నాను, అయినా ప్రియమైన అనే రాశాను.

పేటలో మగవాళ్ళంతా దిగారు. నువ్వు తప్ప. చినబాబుని నీ సంగతి అడిగితే నేల చూపులు చూస్తున్నాడు. “అన్న సిక్కిపోయినాడక్కా, ఇంతకన్నా అడగకు” అన్నాడు. ఎంత చిక్కిపోతే ఆ మాట అంటాడు? పెళ్ళి వద్దంటావు, కారణం చెప్పవు. అమ్మ రోజూ నౌపడ రైలు వేళకి ఉప్పు మడుల దాకా నడిచి వెళ్ళి తిరిగొస్తోంది. రానంటున్నాడే అంటే వినదు.

గౌరి నిన్న మనింటికొచ్చి, నేను చేపలు తోముతుంటే పక్కన కూర్చుంది. “వదినా, బావకి నానంటే ఇష్టం లేకపోతే సెప్పమను. ఏడిసి ఊరుకుంటాను. ఏటీ సెప్పకపోతే ఎన్నాళ్ళు కూకోను?” అంది.

శిబిరం రోజు నీ పేరు పిలిచినప్పటి సంగతి ఒకటి నన్ను పీకుతోంది. అది కాగితం మీద రాయలేను. నువ్వు ముందు ఆసుపత్రికి వెళ్ళు. నా మీద ఒట్టు.

అక్క


వెరావల్,
జూలై 6.

ప్రియమైన అక్కా,

ఇది చదివి చింపెయ్యి.

వెళ్ళాను. పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. టీబీ అన్నారు. రెండో రోజు రక్తం తీసి, నన్ను పక్క గదిలో కూర్చోబెట్టి చెప్పారు. నువ్వు ఊరంతా తిరిగి ఎవరికీ రాకూడదన్న జబ్బే నాకొచ్చింది.

జబ్బు లేదన్న కాగితం మావకి ఇచ్చావు కదా అంటావు. ఆ కాగితం నాది కాదక్కా. శిబిరం రోజు నేను వరసలో లేను. నాకు అప్పటికే జ్వరాలు, భయం. పడవల వెనక కూర్చున్నాను. నువ్వు “గోపీ” అని పిలవడం వినిపించింది. లేచి రాలేదు. నా నేస్తం వెంకీ గాడు “ఉన్నాను” అన్నాడు. పెద్దవలకి రానివాడి బదులు పలికినట్టే పలికాడు. నేను లేకపోతే నీ పరువు పోతుందని చెయ్యి చాపాడు. తర్వాత తన పేరుకీ చాపాడు. ఆడిదేం తప్పు లేదు. కాగితం నా చేతికొచ్చినప్పుడు జబ్బు లేదని ఉంది. నా పేరు రాసి ఉంది. పిచ్చివాడిలా నేనే నమ్మేశాను. అందుకే పరిగెత్తుకెళ్ళి మావకిచ్చాను. ఇక్కడికొచ్చాక దగ్గు మొదలైంది, ఆ నమ్మకం పోయింది. అప్పుడే పెళ్ళి వద్దన్నాను. గౌరికి ఏ హానీ చెయ్యలేదు, అదొక్కటే నేను మిగుల్చుకున్నది.

గౌరికి నువ్వే ఏదో ఒకటి చెప్పి వేరే సంబంధం చూడమను. నీ శిబిరాన్ని నవ్వులపాలు చేశాను. నేనింక రాను. క్షమించు.

గోపి


గంగమ్మపేట,
ఆగస్టు 2.

ప్రియమైన నా తమ్ముడు గోపికి,

చింపలేదు. నీ ఉత్తరం నా జాకెట్లోనే ఉంది.

క్షమించమన్నావు. నిన్ను క్షమించడానికి నేనెవరిని? నీ ఎడమ చేతికి టేకుచేప ముల్లు దిగిన మచ్చ ఉంది. పసుపు పెట్టి కట్టు కట్టింది నేను. శిబిరం రోజు సూది దిగిన ఎడమ చేతికి మచ్చ లేదు. చూశాను గోపీ. తలెత్తకుండానే వెంకీ గొంతూ గుర్తుపట్టాను. చూసి కూడా నీ పేరు పక్కన టిక్కు పెట్టాను. వెనక నలభైమంది నిలబడి ఉన్నారు. నువ్వు రాలేదని చెబితే కూర్మయ్య తాత అందరినీ లేపుకుపోతాడని భయపడ్డాను. సాయంత్రం నిన్ను ఒంటరిగా తీసుకెళ్దామనుకున్నాను. సాయంత్రానికి పొగడ్తల్లో పడి మర్చిపోయాను. రేపు రేపు అనుకుంటూ నిన్ను రైలెక్కించాను. ఆ రోజే ఒక్క కేక వేసి ఉంటే ఏడాది ముందే నీకు మందులు మొదలయ్యేవి. ఊరి పిల్లలందరికీ అక్కనయ్యాను, నీకు కాలేకపోయాను.

నిన్న ఈ ఏటి శిబిరం జరిగింది. పేర్లు పిలిచే ముందు మైకు పట్టుకుని చెప్పాను. “పోయినేడు నానొక తప్పు సేసినాను. ఒక పేరుకి ఇంకొకల సెయ్యి సూసి కూడా రాసీసినాను. వలకి బదులు పలకండి. నెత్తురుకి మాత్రం పలక్కండి” అన్నాను. ఎవరి పేరని కూర్మయ్య తాత గద్దించాడు. చెప్పలేదు, చంపినా చెప్పను. సిస్టరమ్మకి తప్పు రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. కానీ ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. నేను ఏడాది కిందట భయపడిందంతా ఉత్తదే.

రానంటే కుదరదు. ఇక్కడ కూడా ఆ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు. మానకుండా వేసుకుని పదిహేనేళ్ళుగా పనిచేసుకుంటున్నవాళ్ళు నాకు తెలుసు. నువ్వు మాత్రం ఆలస్యంగా మొదలుపెట్టావు. పేరు చెప్పకుండా అడిగితే, ఎలా ఉంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. నీకు అబద్ధం చెప్పను, ఇక ఎవరికీ చెప్పను.

ఈ ఉత్తరం వెంకీ తెస్తున్నాడు. నిన్ను పట్టుకొస్తాడు. నేను చెప్పకపోయినా జరిగింది ఊహించుకున్నప్పటి నుంచి ఆడు అన్నం ముట్టడం లేదు, నువ్వే తినిపించు. గౌరికి మాత్రం నీ బదులు నేను చెప్పను. ఏం చెప్పినా అది నీ నోటితోనే చెప్పాలి. ఆ పిల్ల అడిగింది కూడా అదే.

నిన్న పిలిచిన పేర్లలో ఊళ్ళో లేనివాళ్ళవి తొమ్మిదున్నాయి. ఒక్కదానికీ ఎవరూ బదులు పలకలేదు. నీ పేరు పిలిచి, కాసేపు ఆగాను. వెంకీ నోరు చేత్తో మూసుకున్నాడు. నీ పేరు పక్కన ఏమీ రాయలేదు.

వచ్చి నువ్వే పలుకు.

నీ కోసం కూర్చున్న
అక్క ఈశ్వరి