ఇంజన్‌లో పోసిన చన్నీళ్లు

శనివారం, నాచారం

ఉపవాసం ఉండి ఈరోజు అబద్ధం ఆడాను. స్వామి ముందు చెప్పుకున్నా మనసు కుదుటపడలేదు, అందుకే పెన్ను పట్టాను.

ఉప్పల్ షెడ్డులో మెకానిక్ యాదగిరి మా స్కూల్ వ్యాన్ ఇంజన్ బ్లాకు మీద పగులు చూపించి, "మరుగుతున్న ఇంజన్ల చన్నీళ్లు వోసిందెవరు?" అని అడిగాడు. పిల్లలకు బడి టైమవుతోందని తొందరలో పోసింది మా ఆయనే. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్న డ్రైవరు, తల దించుకున్నారు.

"నేనే వోసిన అన్నా," అన్నాను.

"పాలు పొంగితె నీళ్లు సల్లినట్టు సల్లినవా అక్కా?" అని నవ్వాడు.

పగులుకు వెల్డింగ్ చాలని పొద్దున్నుంచి పట్టుబట్టిన మా ఆయన అప్పుడు తలెత్తారు. బ్లాకు మారిస్తే తన తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అప్పటిదాకా ఆయన బాధ.

"అతుకు ఆగుతదా తమ్మీ?" అని యాదగిరిని అడిగారు.

"ఆగొచ్చు. పిల్లల బండికైతె నేను మాటియ్య."

"గట్లయితె బ్లాకే మార్సు."

ఇంటికొచ్చాక ఆయన, నేను ఉపవాసం విడవడానికి అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టారు.

మార్చడమే సరైనది, అందులో నాకు సందేహం లేదు. అబద్ధం సంగతి స్వామి చూసుకుంటాడు. ఈ పుస్తకం ఎవరికి దొరికినా దాచండి, ఎవరికీ చూపించకండి. ఆ నీళ్లు నేను పోసినట్టే ఉండనివ్వండి.