విశ్వాసం మాస్టారింటి బాతు

1956 నవంబరు 5, సోమవారం. ఏలూరు

గది ఖాళీ చేయమన్నారు. ఇంటావిడ సుబ్బాయమ్మ గారు ఎంతో మర్యాదగానే చెప్పారు. ఏవండీ, మీరు మంచివారేనండీ, కానీ పక్క వాటాలోకి పెళ్లీడు పిల్లతో సంసారం దిగుతోందండీ, బ్రహ్మచారి ఉంటే బావుండదండీ అన్నారు. నాకు ముప్పై అయిదేళ్లు. పశువుల ఆసుపత్రి కాంపౌండరుని. నన్ను చూసి దూడ కూడా బెదరదు. అలాంటి నావల్ల పెళ్లీడు పిల్లకి ప్రమాదమట! కాసేపు గర్వంగా కూడా అనిపించింది. తరవాత ఏడుపొచ్చింది.

పెళ్లి కానివాడికి ఇల్లివ్వరు. ఇల్లు లేనివాడికి పిల్లనివ్వరు. ఈ ముడి ఎవరు వేశారో గానీ గట్టిగానే వేశారు.

నవంబరు 7

డాక్టరు వెంకట్రావు గారు పిలిచారు. కొత్త రాష్ట్రం వచ్చింది కదా, పోస్టులు సర్దుతున్నారట. నేను ఏలూరులోనే ఉండొచ్చు, తాడేపల్లిగూడెం వెళ్లొచ్చు, లేదా కొల్లేరు టూర్ పోస్టు తీసుకోవచ్చు. క్రిస్మస్ లోపల ఆప్షన్ రాసివ్వాలి. కొల్లేరు పోస్టు కోరి అడిగినవాడు ఇంతవరకూ లేడని ఆయనే నవ్వారు.

ఎవరైనా అలవెన్సు చూసుకుంటారు, మంచినీళ్లు చూసుకుంటారు. నేను చూసుకునేది ఒక్కటే. ఎక్కడుంటే నాకు పెళ్లవుతుంది? రాసుకోవడానికి సిగ్గెందుకు, ఇది చదివేవాళ్లెవరు?

ఏలూరులో ఆడపిల్లలకి కరువు లేదు. ట్రెయినింగ్ స్కూలు, హాస్టళ్లు. ఆదివారం మా క్రైస్తవుల గుళ్లో స్త్రీల వైపు చాపలు చాలవు. కానీ వాళ్ల నాన్నలకి కలెక్టరాఫీసు గుమాస్తాలు కావాలి. ముగ్గురు నన్ను కాదన్నారు. మూడో అమ్మాయికి ఫినాయిలు వాసన పడలేదట. ఆ వేళ రెండుసార్లు స్నానం చేసి వెళ్లాను.

తాడేపల్లిగూడెంలో నన్ను కాదన్నవాళ్లు ఇంకా ఎవరూ లేరు. ఆ ఊరి గొప్ప అదే.

కొల్లేరులో నీళ్లు, బాతులు. దాని గురించి ఆలోచించేదేముంది.

నవంబరు 11, ఆదివారం

తాడేపల్లిగూడెం గుడికి వెళ్లాను. కొత్తవాళ్లు లేచి నిలబడి పేరు చెప్పుకోవాలి. నిత్యానందం, ఏలూరు, గవర్నమెంటు సర్వీసు అన్నాను. పాస్టరు ఇమ్మానుయేలు గారు ఏ శాఖండీ అని అడిగారు. వైద్యమండీ అన్నాను. ఎవరికని ఆయన అడగలేదు.

పాటలు ఎత్తుకున్న అమ్మాయి పేరు విజయకుమారి. విశ్వాసం మాస్టారి కూతురు. ప్రసంగం దేని మీదో ఒక్క ముక్క తెలియదు.

నవంబరు 14. గుండుగొలను

అక్క యేసమ్మ దగ్గరికి వచ్చి అంతా చెప్పేశాను. అక్క నవ్వలేదు. ఒరే తమ్ముడూ, గూడెం గుళ్లో వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం కోతపండగరా, వేలం పాడు అంది. ప్రతి ఇంటివాళ్లూ ఏదో ఒకటి కానుకగా తెస్తారు, ఇంటాయన పేరు చెప్పి వేలం వేస్తారు. ఆ ఇంట్లో పెళ్లి కావలసిన మనిషి ఉండి, ఒక బ్రహ్మచారి ఆ ఇంటి కానుక వదలకుండా పాడాడంటే, పెద్దలకి అర్థమైపోతుందట. ఎవరూ నోరు విప్పి అడగక్కర్లేదట. మా బావ గుమ్మడికాయ పాడినవాడే. ఇరవై ఏళ్లై ఆ గుమ్మడికాయ గురించి వింటున్నాను. ఇంత పని చేసిందని తెలియదు.

నవంబరు 20

మెస్సులో ఇవాళ కూడా దొండకాయే. ఒంటరివాడి కంచంలో ఏం వేసినా చెల్లుతుంది.

నవంబరు 25, ఆదివారం. తాడేపల్లిగూడెం స్టేషను

గెలిచాను.

సంఘపెద్ద దేవదానం గారు వేలం వేశారు. అరటిగెలలు, కందగడ్డలు, కొత్త బియ్యం. అన్నిటికీ ఊరుకున్నాను. విశ్వాసం మాస్టారింటి మగబాతు అని కేక వేయగానే లేచి నిలబడ్డాను. బియ్యం వ్యాపారి ఒకాయన పోటీకి వచ్చాడు. నేను వదల్లేదు. విజయకుమారి వంక చూస్తూ పాడాను. గుడి అంతా నవ్వులు, గుసగుసలు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వ్యాపారి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. పాడిన వస్తువుని చాలామంది గుడికే తిరిగిచ్చేస్తారు. నేను బాతుని చంకలో పెట్టుకున్నాను. విజయకుమారి నవ్వింది! పక్కనున్నావిడతో ఏదో చెప్పి మరీ నవ్వింది.

రైలింకా రాలేదు, బాతు అప్పుడే నా చొక్కా పాడు చేసింది. చేస్తే చేసింది.

నవంబరు 29

ఎవర్ని వాకబు చేశారో గానీ, పాస్టరు గారు, దేవదానం గారు ఆసుపత్రికే వచ్చారు. నేను ఎద్దు నోట్లో వెదురుగొట్టం పెట్టి మందు పోస్తున్నాను. చూసి కూడా వాళ్లు ఏమీ అనుకోలేదు. చాలా మంచి పని చేశారండీ, ఈ రోజుల్లో ఇంత పెద్ద మనసు ఎవరికుందండీ అన్నారు. నాకర్థం కాలేదు. పెద్ద మనసు దేనికి?

ఆ బాతు మాస్టారి చెల్లెలు కరుణమ్మదట. కొల్లేట్లో ఒక లంకలో బాతులు పెంచుకుంటూ ఒక్కతే ఉంటుందట. మొగుడు పోయి ఆరేళ్లు. పండక్కి అన్నగారింటికి వచ్చింది కాబట్టి కానుక అన్నగారి పేరున చదివారు. ఆ గుళ్లో బాతు ఎవరిదో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. విజయకుమారి పక్కన కూర్చుని ఉన్నది ఆవిడేనట. ఆ ముఖం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

విజయకుమారికి రాజమండ్రి సంబంధం ఖాయమైంది. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని ఈ ఆదివారం గుళ్లో మొదటి పెళ్లి ప్రకటన చదువుతారట. ఆ తరవాత మీ ఇద్దరిదీ చదివేద్దామండీ అన్నారు పాస్టరు గారు.

పొరపాటండీ అనాలి. టీ తెప్పించాను.

డిసెంబరు 1

పొరపాటని చెబితే, సంఘమంతటి ముందూ ఒక విధవరాలిని వేలం పాడి వదిలేసినట్టవుతుంది. ఊరుకుంటే, ముఖం కూడా చూడని మనిషితో పెళ్లి. అక్కకి చెబితే, నీకు పెళ్లి కావాలన్నావు, ఫలానావాళ్లతోనే అని దేవుడికి అడ్రసు ఇచ్చావా అంది.

దేవుడా, ఒక్క పెళ్లి అడిగాను. ఇంత అడగరానిదా?

డిసెంబరు 2, ఆదివారం

విజయకుమారి పెళ్లి ప్రకటన చదివారట. నేను వెళ్లలేదు. బాతుకి తవుడు కలిపి పెట్టి, గంప మూసి పడుకున్నాను. దాని వంక చూడబుద్ధి కావడం లేదు.

డిసెంబరు 8, శనివారం. గుండుగొలను

లీవు పెట్టి కొల్లేరు వెళ్లొచ్చాను. ఆవిడకే నిజం చెప్పేద్దామని. రేవు నుంచి పడవ. నీళ్లలో తుంగ, దాని మీద పిట్టలు. నాలో నేను మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. ఒక్కటీ కుదరలేదు.

కరుణమ్మ మోకాలిలోతు నీళ్లలో బాతుల్ని తోలుకొస్తోంది. నల్లటి మనిషి. పొడుగు. నా చెప్పులు చేతిలో పట్టుకుని గట్టున నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోపలే ఆవిడ అంది. మీరు పొరపాటున పాడారని నాకు తెలుసండీ, పాడినంతసేపూ మా విజయ వంకే చూశారు, నేను పక్కనే ఉన్నానండీ. పాస్టరు గారికి నిన్ననే వద్దని కబురు పంపించేశానండీ.

ఎందుకని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు, నేను వచ్చిందే దానికి. ఒకసారి పెద్దలు చెప్పారని చేసుకున్నానండీ, రెండోసారి పెద్దలకి జడిసి వచ్చేవాణ్ణి చేసుకోనండీ అంది. కోపంగా కాదు. తరవాత చేపల పులుసుతో అన్నం పెట్టింది. బాతు ఎలా ఉందండీ అని అడిగింది. మగది కదండీ, బాగానే తింటోంది అన్నాను. ఆవిడ మారు వడ్డించింది. చేతులు కడుక్కునేటప్పుడు వాసన చూసుకున్నాను. అంతటా బాతుల వాసన, నాది ఎక్కడుందో తెలియలేదు.

పడవలో తేలిగ్గా ఉంటుందనుకున్నాను. లేదు. నన్ను కాదన్నవాళ్లు నలుగురయ్యారు. మొదటి ముగ్గురికీ ఇంత బాధ పడలేదు.

డిసెంబరు 11

ఆ ముఖం ఇప్పుడు బాగా గుర్తుంది. అదే చిక్కు.

డిసెంబరు 15

ఆప్షన్ రాసిచ్చాను. డాక్టరు గారు రెండుసార్లు చదివారు. కొల్లేరా అండీ, ఒంట్లో బావుందా అన్నారు. అక్కడ బాతులకి తెగుళ్లు ఎక్కువండీ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు.

ఆవిడ కాదనే అంటుంది. అయినా సరే. ఈసారి పెద్దలెవరూ చెప్పలేదు.

డిసెంబరు 19, బుధవారం

పొద్దున గంప ఎత్తితే గుడ్డు ఉంది. మగబాతు కింద.

పన్నెండేళ్ల సర్వీసు నాది. దేవదానం గారు మగబాతు అన్నారు, నేను నమ్మాను. ఆవిడకి తెలుసు, అన్నం పెడుతూ కూడా చెప్పలేదు.

గుడ్డు తవుడులో పెట్టి కట్టాను. రేపు పడవెక్కుతాను. ఈ సంగతి ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది. నవ్వితే బావుండును.